వాపసు వచ్చిన నల్లపూసలు

మా అమ్మ నల్లపూసలు గుచ్చుతుంది. గుచ్చుతుంది అనాలో, గుచ్చేది అనాలో ఈ మధ్య నాకే తేలడం లేదు. తేలితే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఒక చిన్న ఊరు. మా మసీదు వీధిలో ఒకప్పుడు చాలా ఇళ్లలో పూసల పని ఉండేది. ఇప్పుడు మిగిలింది మా అమ్మ ఒక్కతే. మాలో నిఖా అయ్యాక పెళ్లికూతురి మెడలో నల్లపూసల లచ్చా కడతారు. చుట్టుపక్కల రైతుల ఇళ్లలో తాళిబొట్టుతో పాటు నల్లపూసలు వేసుకుంటారు. ఎవరి పద్ధతి వాళ్లది, పూసలు మాత్రం రెండు చోట్లకీ మా ఇంటి నుంచే వెళ్లేవి. దొరవారిసత్రం నుంచి కూడా పెళ్లివాళ్లు బస్సెక్కి వచ్చి, మా వరండాలో కూర్చుని, టీ తాగి, పెళ్లికొడుకు గుణగణాలన్నీ ఏకరువు పెట్టి, తీరిగ్గా ఎన్ని పేటల దండ కావాలో చెప్పేవాళ్లు.

అమ్మ పళ్లెంలో పూసలు పోసుకుంటుంది. ఆవగింజంత ఉంటాయి. సన్నటి సూదిని వాటిలోకి వాలుగా దించి మెల్లగా తిప్పుతుంది. పూసలు వాటంతటవే సూది ఎక్కి కూర్చుంటాయి. అదే పళ్లెం, అదే సూది నేను తీసుకుని ఎంతసేపు తిప్పినా నాలుగు పూసలు ఎక్కి, అందులో రెండు జారిపోతాయి. నేను జాకెట్లు కుడతాను. వీధిలో అందరి కొలతలూ నాకు నోటికొచ్చు. కానీ ఆ పూసల విద్య నా చేతికి రాలేదు, ఆమె కూడా నన్ను పెద్దగా పోరలేదు.

మా నాయన పోయినప్పుడు అమ్మ ఆ పళ్లెం తీసి అటక మీద పెట్టేసింది. భర్త పోయిన మనిషి నల్లపూసలు గుచ్చకూడదట. ఇది మా మతంలో ఎక్కడా లేదని మసీదులో నమాజు చేయించే హజరత్ గారే చెప్పారు. లేకపోతే లేకపోయింది, మా ఊళ్లో ఉంది. హిందువుల నుంచి మాకొచ్చిందో, మా నుంచి వాళ్లకి పోయిందో తెలియదు గానీ ఈ ఒక్క విషయంలో రెండు వీధులవాళ్లకీ ఒకటే మాట. నాకు వినగానే ఒళ్లు మండింది. పూసలకేం తెలుసు ఎవరి మొగుడు ఉన్నాడో, ఎవరి మొగుడు లేడో అన్నాను.

భర్త పోయిన మనిషి గడప దాటకుండా ఉండే ఇద్దత్ గడువు తీరాక ఊళ్లో ఆడవాళ్లే కదిలారు. మావాళ్లూ, రైతుల ఇళ్ల ఆడవాళ్లూ కలిసి ఇంటికొచ్చారు. అందులో ఒక పెద్దావిడ అటక మీదున్న పళ్లెం తనే దింపించి అమ్మ ముందు పెట్టింది.

"గుచ్చేది నువ్వే గుచ్చక్కా. ఆఖరి ముడి మాత్రం మీ పాప చేత ఏపిచ్చు. మాకేం పట్టింపు లేదు" అంది.

అప్పటినుంచి అదే పద్ధతి అయింది. పూసలు అమ్మ గుచ్చుతుంది, ఆఖరి ముడి నేను వేస్తాను. మా ఆయన కృష్ణపట్నం పోర్టులో కంపెనీ బస్సు నడుపుతాడు, దేవుడి దయవల్ల నిక్షేపంగా ఉన్నాడు, గురకపెడితే వీధి చివరికి వినపడుతుంది. ఆయన అలా ఉండటమే నా అర్హత. దండ చెప్పడానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ముందుగా అమ్మతో ఒక మాట అనేది, నీ చేత్తోనే కావాలి అక్కా అని. ఆ మాట వినేదాకా అమ్మ పళ్లెం దగ్గరికి లాక్కునేది కాదు. అదేదో మర్యాద కోసం అనుకునేదాన్ని నేను.

తర్వాత వచ్చే మనుషులే తగ్గిపోయారు. బంగారు అంగళ్లలో సన్నటి గొలుసుకి అక్కడక్కడా నాలుగు నల్లపూసలు పొదిగి ఇస్తున్నారు, పెళ్లికూతుళ్లకి అవే ముద్దు. బజారులో అమ్మ దండలు పెట్టి అమ్మే ఫ్యాన్సీ అంగడి సెల్‌ఫోన్ కవర్ల అంగడి అయిపోయింది. అమ్మ పొద్దున్నే లేచి నమాజు చేసుకుని పళ్లెం తుడిచేది. సాయంత్రం మళ్లీ తుడిచేది. మధ్యలో చేసే పనేమీ లేక వచ్చిపోయే వాళ్లందరినీ ఎవరింట్లో పెళ్లి అని అడిగేది. చేతులు ఊరికే ఉంటే మా అమ్మ మనిషిలో ఉండదు. అన్నం ముందు పెట్టినా కెలికి లేచిపోతుంది. మా నాయన పోయినప్పుడు కూడా ఆమెను మళ్లీ మామూలు మనిషిని చేసింది ఆ పళ్లెమే. అది కూడా పోతే ఏం మిగులుతుందోనని నాకు భయం పట్టుకుంది.

అందుకని ఆన్‌లైన్‌లో అమ్ముదామన్నాను. అన్నంత తేలిక కాదని తర్వాత తెలిసింది. ఎక్కడ అమ్మాలి అన్నదే పెద్ద చిక్కు. చేత్తో చేసిన వస్తువులకే ప్రత్యేకంగా ఉన్న చోటు ఒకటుంది, అది దొరసానుల కోసం. అంతా ఇంగ్లీషు. నల్లపూసలంటే ఏమిటో వాళ్లకి వివరించాలంటే ముందు పెళ్లంటే ఏమిటో, మొగుడంటే ఏమిటో మా పద్ధతిలో మొదలుపెట్టి చెప్పుకురావాలి. ఇంకో దారి, ఫోన్‌లో సొంతంగా పేజీ పెట్టుకోవడం. జాకెట్ల కోసం నాకు అలాంటి పేజీ ఒకటి ఉంది. అందులో రోజుకి పదిమంది ధర చెప్పండి అని అడుగుతారు, చెప్పగానే మాయమైపోతారు. మూడోది అందరూ సబ్బులూ చెప్పులూ కొనుక్కునే పెద్ద అంగడి. పేరు చెప్పను, మీ ఫోన్‌లోనూ ఉండే ఉంటుంది. వాళ్లయితే మనిషిని పంపి మన గడప దగ్గరే పార్సిల్ తీసుకుపోతారు. కొన్నవాళ్లు నచ్చకపోతే వాపసు చేయవచ్చు కాబట్టి ధైర్యంగా కొంటారు. నాకు అదే నచ్చింది.

ఫోటోలు తీశాను. ఆకుపచ్చ జాకెట్ గుడ్డ మీద పెట్టి తీస్తే నలుపు బాగా పడింది. పొడవెంత, బరువెంత, పేటలెన్ని, నీళ్లు తగలవచ్చా అని గడులు ఉన్నాయి, అన్నీ నింపాను. అమ్మ నా పక్కనే కూర్చుని చూస్తూ, నేనెవరో వాళ్లకి చెప్పావా అని అడిగింది. ముందు నాకు అర్థం కాలేదు. భర్త లేని మనిషి గుచ్చిందని రాశావా అని విడమరిచి అడిగింది.

నాకు కోపం నషాళానికంటింది. ప్రపంచంలో ఎవరైనా తన సరుకు గురించి అలా రాసుకుంటారా అన్నాను. దానికి గడి లేదమ్మా, పొడవుకి ఉంది, బరువుకి ఉంది, దీనికి లేదు అని ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాను. గడి లేకపోతే చెప్పకూడదా అని మాత్రం అంది. కొనేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు, ఎవరికీ ఈ పట్టింపులు లేవు, నువ్వే పట్టుకు వేలాడుతున్నావని నేను ఇంకా ఏదేదో అన్నాను. మా ఇంట్లో నోరు ఎక్కువున్నది నాకు. అమ్మ పళ్లెం దగ్గరికి లాక్కుంది.

ఒకటీ అరా ఆర్డర్లతో మొదలై మెల్లగా పుంజుకుంది. హైదరాబాదు, బెంగుళూరు, రాజమండ్రి, ఎక్కడెక్కడివో. పార్సిల్ మీద అంటించే కాగితంలో ఊరి పేరుంటుంది. అమ్మ నన్ను ఊరు అడిగి తెలుసుకుని, పార్సిల్ చేతిలో పట్టుకుని, ఆ ఊళ్లో ఆ పిల్ల చల్లగా ఉండాలని దువా చేసి అప్పుడు ఇచ్చేది. తీసుకుపోయే మనిషి బండి స్టార్ట్ చేసుకుని మరీ ఎదురుచూసేవాడు. అమ్మ మళ్లీ రెండు పూటలా కడుపునిండా తిన్నది. పప్పులో ఉప్పు ఎక్కువైందని నన్ను తిట్టింది కూడా. ఆ తిట్లు వింటే నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఒక దండ వాపసు వచ్చిన రోజు శ్రీహరికోటలో రాకెట్ వదిలారు. వీధి వీధంతా మిద్దెలెక్కింది. నేనూ ఎక్కాను. ఎన్నిసార్లు చూసినా ఆ పొగ తోక మీద నిలబడి మబ్బుల్లోకి పోతుంటే నోరు తెరుచుకుని చూడటం మాకు అలవాటు. కిందకి వచ్చేసరికి అమ్మ వరండాలో నేలమీద కూర్చుని ఉంది. ఒళ్లో చింపిన కవరు, చేతిలో నల్లపూసల దండ. నేను లేని సమయంలో పార్సిల్ మనిషి వచ్చి ఇచ్చిపోయాడు.

దండ ఎక్కడా తెగలేదు. నా ముడి అలాగే ఉంది. కొక్కెంలో ఒక పొడుగాటి వెంట్రుక చిక్కుకుని ఉంది. అంటే ఎవరో మెడలో వేసుకుని తీసినది. ఎందుకొచ్చింది అని అమ్మ అడిగింది. నేను ఫోన్ తీసి చూశాను. వాపసుకి కారణం అన్నచోట ఏముందో అది పైకి చదివేశాను. "ఇక అవసరం లేదు."

చదివాక తెలిసింది ఏం చదివానో. మా దగ్గర నల్లపూసలు ఎవరూ వాపసు చేయరు. నచ్చకపోతే పెట్టెలో పెట్టుకుంటారు. దారం తెగితే తెగిందని కూడా నోటితో అనరు, పెరిగింది అంటారు. మెడలో పడిన నల్లపూసలు మెడలోంచి తీసి పక్కన పెట్టేది ఒక్కందుకే. అమ్మ మా నాయన పోయిన మూడోనాడు తీసింది.

"ఎంత వయసో ఏందో మే" అంది అమ్మ.

అదేం కాదమ్మా అని నేను కంగారుగా మొదలుపెట్టాను. ఫోన్‌లో కారణాలు ముందే రాసి ఉంటాయి, జనం ఏదో ఒకటి నొక్కేస్తారు, చదవను కూడా చదవరు అన్నాను. ఆ పట్టీ తీసి ఒక్కొక్కటే చదివి వినిపించాను. పాడైపోయింది. కొలత సరిపోలేదు. వేరే వస్తువు వచ్చింది. ఇక అవసరం లేదు. అమ్మ శ్రద్ధగా విన్నది. కొలత చాలకపోతే కొలత అని నొక్కేది గదా, అన్నీ ఉండగా వెతుక్కుని అదే ఎందుకు నొక్కుతుంది అంది.

ఆ పిల్లకి ఏమైందో కనుక్కోమని మర్నాటి నుంచి ఒకటే పోరు. నా దగ్గర ఉన్నదల్లా ఒక పేరు, రాజమండ్రి అన్న ఊరు. ఆ పేరుతో ఆ ఊళ్లో వీధికి ఒకరు దొరుకుతారు. ఫోన్ నంబరు అసలుది కాదు, కంపెనీ వాళ్లు అడ్డంపెట్టే నంబరు. చేస్తే ఈ నంబరు ఇప్పుడు పనిచేయదు అని వచ్చింది. అది విని అమ్మ ఇంకా బిగుసుకుపోయింది. పార్సిల్ చేరాక అవి అలాగే ఆగిపోతాయని చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

ఆ పెద్ద అంగడి వాళ్లకే ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని తిప్పి తిప్పి, పాట వినిపించి, నా తల ప్రాణం తోకకొచ్చాక ఒక తెలుగమ్మాయి పలికింది. మర్యాదగా మాట్లాడింది. కొన్నవాళ్ల వివరాలు ఇవ్వడానికి వీల్లేదు మేడమ్ అంది. నేను మొత్తం చెప్పుకొచ్చాను, నల్లపూసలు, మా అమ్మ, మా నాయన, అన్నీ. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, మేము రోజూ ఇలాంటి వాపసులు చూస్తూనే ఉంటాం, అలాంటిదేమీ అయి ఉండదని అమ్మగారికి చెప్పండి అంది. నువ్వే చెప్పమ్మా అని నేను స్పీకర్ పెట్టాను. ఆ అమ్మాయి మళ్లీ చెప్పింది.

"నువ్వు ఆ పిల్లని చూసినావా తల్లీ?" అని అడిగింది అమ్మ.

లేదండీ అంది ఆ అమ్మాయి. పాపం, అంతకంటే ఏమంటుంది.

మా ఆయన తేలిక మార్గం చెప్పాడు. ఆ పిల్ల ఫోన్ చేసింది, మొగుడూ పెళ్లాం చిలకాగోరింకల్లా ఉన్నారు, దండ పొడవు చాలక పంపేసింది అని చెప్పేయమన్నాడు. నాకూ బాగానే అనిపించింది. అమ్మ బియ్యం ఏరుకుంటుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. అమ్మ చేట కింద పెట్టి, ఆ పిల్ల మొగుడు ఏం పని చేస్తాడు అని అడిగింది. మాస్టారు అన్నాను. ఎన్ని పేటల దండ కావాలంట మరి అంది. నేను నీళ్లు నమిలాను. అమ్మ నన్ను తిట్టలేదు. పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు అని చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం ఇంత బాధేమిటని నాకు విసుగు కూడా వచ్చింది, దాచుకోవడం ఎందుకు. లోకంలో రోజూ ఎంతమందికి ఏం కావడం లేదు అని ఒకరోజు పైకే అనేశాను. అప్పుడు చెప్పింది అమ్మ.

"ఊళ్లో వాళ్లకైతే తెలుసు మే. తెలిసే, నువ్వే గుచ్చక్కా అన్నారు. ఆ పిల్లకి తెలీదు. తెలియకుండా నా చేతివి మెడలో ఏసుకునింది."

ఇన్నాళ్లూ ఆమె ఆ పిల్ల కోసం ఏడుస్తోందనుకున్నాను. తన చెయ్యి తగిలే అలా అయిందనుకుంటోందని నా బుర్రకి తట్టలేదు. ఆఖరి ముడి నాది కదా అమ్మా అన్నాను. ముడి ఒక్కటే కదా నీది, పూసలన్నీ నావి అంది. హజరత్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఓపిగ్గా చెప్పారు, ఇది నమ్మడమే తప్పు, చావు పుట్టుకలు అల్లా చేతిలో ఉన్నాయి, నీ చేతిలో లేవు అని. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, మీరు చెప్పింది నిజమే అంది. ఇంటికొచ్చి పళ్లెం అటక మీద పెట్టించింది.

ఆర్డర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. అవన్నీ నేను రద్దు చేస్తుంటే ఆ పెద్ద అంగడి వాళ్లు హెచ్చరికలు పంపారు. కోపమొచ్చి అక్కడ అంతా మూసేశాను. మళ్లీ ఎక్కడ అమ్మాలా అని మొదటికొచ్చాను. ఈసారి నేను వెతికింది ఎక్కువమంది కొనే చోటు కాదు, కొనేవాళ్లతో ఒక మాట మాట్లాడటానికి వీలుండే చోటు. చివరికి ఎవరూ కొనకుండా మాయమైపోతారని తిట్టుకున్న నా జాకెట్ల పేజీయే గతి అయింది. అమ్మ చేతులు పూసలు గుచ్చుతున్న పాత వీడియో నా దగ్గరుంది. అది పెట్టి కింద ఉన్నదున్నట్టు రాశాను. ఇవి మా అమ్మ గుచ్చుతుంది, మా నాయన లేరు, ఆఖరి ముడి నేను వేస్తాను, మీకు సమ్మతమైతేనే అడగండి, ఒకసారి పంపాక వాపసు తీసుకోము. గడి లేదన్న మాటంతా అక్కడ రాశాను.

రాసి ఫోన్ పక్కన పడేశాను. ఎవరు అడుగుతారులే అనుకున్నాను. కొందరు నిజంగానే ఛీ అన్నారు, ఇలాంటివి ఎవరైనా అమ్ముతారా అని ఒకావిడ రాసింది. కానీ మిగతావాళ్లు ధర అడగలేదు. గొంతు రికార్డు చేసి పంపారు. మాకూ నాన్న లేరు, మా అమ్మ చేత్తోనే నా పెళ్లి పనులన్నీ చేయించాను, మీ అమ్మగారిని గుచ్చమనండి అని ఒక పిల్ల. నా భర్త పోయినా నేను నల్లపూసలు తీయలేదు, మీ దండ నాకు కావాలి అని ఒక పెద్దావిడ, వణికే గొంతుతో. నీ చేత్తోనే కావాలి అమ్మా అని, అచ్చం మా ఊరి ఆడవాళ్లు అన్నట్టే, ఎక్కడో నిజామాబాదు నుంచి ఒకామె. అవన్నీ వింటూ నేను కుట్టుమిషన్ మీద తల పెట్టి ఏడ్చాను. ఇంతమంది ఉన్నారు కదా, ఇంక మా అమ్మకి ఏం కావాలి అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక అమ్మను కూర్చోబెట్టి అన్నీ వినిపించాను. ఒక్కటి కూడా వదల్లేదు. అమ్మ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ఆ వణికే గొంతు పెద్దావిడ మాట మళ్లీ పెట్టమంది. కళ్లు తుడుచుకుంది. నిజామాబాదు ఎక్కడ అని అడిగింది. నేను లేచి అటక మీద నుంచి పళ్లెం దింపి, దుమ్ము దులిపి, పూసలు పోసి, సూదికి దారం ఎక్కించి ఆమె ముందు పెట్టాను. ఆ సూదికి దారం ఎక్కించేటప్పుడు నా చేతులు ఎంత సంతోషంగా ఉన్నాయో చెప్పలేను.

అమ్మ సూది తీసుకుంది. పూసల మీద పెట్టింది కూడా. తిప్పలేదు. నా వైపు చూసింది.

"అందరూ సల్లంగా ఉండాల. ఆ రాజమండ్రి పిల్ల ఏమన్నా చెప్పిందా?" అంది.

లేదమ్మా అన్నాను.